డెబియన్ 12లో సేజ్‌మ్యాథ్ ప్యాకేజీ: రెండేళ్లు కాలేజీ ల్యాబ్‌లో వాడాక

ముందే చెప్పేస్తున్నా. మీరు లెక్కలు చెప్పే టీచరో, ఎమ్మెస్సీ చదివే విద్యార్థో అయి ఉండి, మీ దగ్గర డెబియన్ 12 (లినక్స్ రకం ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న కంప్యూటర్ ఉంటే ఇంకేం ఆలోచించకుండా టెర్మినల్ తెరిచి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ సేజ్‌మ్యాథ్ (sudo apt install sagemath) అని కొట్టండి, అది దిగేలోపు వెళ్లి టీ తాగి రండి. రీసెర్చ్ చేస్తూ మొన్న వచ్చిన కొత్త ఫంక్షన్లు కావాలనుకునేవాళ్లకు మాత్రం ఈ ప్యాకేజీ సరిపోదు. వాళ్లు ఏం చేయాలో కింద చెప్తాను. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను, మా ల్యాబ్‌లో పన్నెండు పాత కంప్యూటర్లు ఉన్నాయి, ఒక్కోదానికి 4 జీబీ ర్యామ్, ఇంటర్నెట్ వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు. ఈ రివ్యూ అంతా అక్కడ నుంచి చూసి రాసిందే.

సేజ్‌మ్యాథ్ గురించి వినని వాళ్లకు రెండు మాటలు. ఇది కంప్యూటర్ చేత అంకెల లెక్కలే కాకుండా అక్షరాల లెక్కలు కూడా చేయించే సాఫ్ట్‌వేర్. కారణాంకాలు, సమాకలనం, బహుపదులు, గ్రూపులు, ఎలిప్టిక్ కర్వ్‌లు, గ్రాఫులు, అన్నీ. 2005లో విలియం స్టైన్ అనే గణిత ప్రొఫెసర్ మొదలుపెట్టారు. మాగ్మా, మేపుల్, మాథెమాటికా, మ్యాట్‌ల్యాబ్ అనే నాలుగింటికీ దీటుగా నిలబడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉండాలనేది ఆయన లక్ష్యం. అన్నీ మొదటి నుంచి రాసుకుంటూ కూర్చోకుండా, అప్పటికే లోకంలో ఉన్న మంచి గణిత సాఫ్ట్‌వేర్లన్నిటినీ పైథాన్ అనే ఒక్క భాషతో కలిపి కుట్టారు. సంఖ్యా సిద్ధాంతానికి ఫ్రాన్స్‌లోని బోర్డోలో పుట్టిన పారి, గ్రూపులకు 1986లో జర్మనీలోని ఆఖెన్‌లో మొదలైన గ్యాప్, బహుపదులకు కైజర్స్‌లౌటర్న్ వాళ్ల సింగులర్, కాలిక్యులస్‌కు మాక్సిమా. ఈ మాక్సిమా (Maxima)కు మూలం 1968లో ఎమ్ఐటీలో మొదలైన మాక్‌సిమా (Macsyma). దాన్ని విలియం షెల్టర్ అనే ఆయన ఏళ్ల తరబడి ఒంటరిగా సాకి, 1998లో అమెరికా ఇంధన శాఖ దగ్గర అనుమతి తెచ్చుకుని జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద అందరికీ ఇచ్చారు. ఇవాళ మా పిల్లలు సమాకలనం కొడితే లోపల జవాబు వెతికేది ఆ కోడే.

ఇంతమందిని కలిపి కుట్టడంలోనే ప్యాకేజింగ్ చేసేవాళ్ల, అంటే సాఫ్ట్‌వేర్‌ను ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ అయ్యేలా మూట కట్టేవాళ్ల, కష్టమంతా ఉంది. సేజ్‌ను దాని సైట్ నుంచి సోర్సుగా (అంటే మన కంప్యూటర్ మీదే కట్టుకోవాల్సిన మూల కోడ్‌గా) తెచ్చుకుంటే అది వంటపాత్రలు, పొయ్యి, బియ్యం, ఉప్పుతో సహా మోసుకొచ్చే చుట్టం లాంటిది. మీ ఇంట్లో పారి ఉన్నా తన పారి తెచ్చుకుంటుంది, మీ దగ్గర పైథాన్ ఉన్నా తన పైథాన్ కట్టుకోగలదు. (ఈమధ్య వెర్షన్లలో సిస్టమ్‌లో ఉన్నవాటిని వాడుకునే ఏర్పాటు బాగా పెరిగింది, అది చాలా మంచి మార్పు.) దీనికి కారణం ఉంది: ఏ లైబ్రరీ (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే తయారు కోడ్) ఏ వెర్షన్‌తో కలిస్తే సరైన జవాబు వస్తుందో వాళ్లు పరీక్షించి ఉంచుతారు కాబట్టి, ఆ వెర్షన్లే వెంట తెస్తారు.

డెబియన్ ఇల్లు అలాంటి చుట్టాన్ని ఒప్పుకోదు. డెబియన్ నియమాల ప్రకారం ఒక లైబ్రరీ సిస్టమ్‌లో ఒక్కసారే ఉండాలి, ప్రతి సాఫ్ట్‌వేరూ తన సొంత కాపీ సంచిలో వేసుకుని రాకూడదు. ఎందుకంటే ఆ లైబ్రరీలో రేపు భద్రతా లోపం బయటపడితే ఒక్కచోట సరిచేస్తే అందరికీ సరిపోవాలి. ఇంకో నియమం, ప్యాకేజీ కట్టేటప్పుడు ఇంటర్నెట్ ముట్టుకోకూడదు, కావలసిందంతా ముందే డెబియన్‌లో ఉండాలి. ఇంకోటి, లైసెన్స్ పూర్తిగా స్వేచ్ఛనిచ్చేదై ఉండాలి. గ్రాఫ్‌లు ఒకేలా ఉన్నాయో లేదో తేల్చే నౌటీ అనే చక్కటి ప్రోగ్రామ్‌ను చాలాకాలం సైనిక అవసరాలకు వాడకూడదనే షరతుతో ఇచ్చేవారు. ఆ షరతు ఎంత మంచి మనసుతో పెట్టిందైనా డెబియన్ ప్రధాన భాగంలోకి రావడానికి అడ్డమే. 2.6 వెర్షన్ నుంచి అపాచీ లైసెన్స్‌కు మారాక ఆ అడ్డం తొలగింది.

కాబట్టి సేజ్‌ను డెబియన్‌లోకి తేవడమంటే ఒక ప్యాకేజీ కట్టడం కాదు. పారి, గ్యాప్, సింగులర్, ఫ్లింట్, ఎన్‌టీఎల్, లిన్‌బాక్స్, గివారో, ఎమ్4ఆర్ఐ, ఇసీలిబ్, ఎల్‌క్యాల్క్, సిమ్‌పౌ, సైసిగ్నల్స్, సైపారి ఇలా చాంతాడంత జాబితాలో ప్రతిదాన్నీ విడిగా కట్టి, విడిగా పోషించి, చివర్లో సేజ్ తన సొంత కోడ్‌ను వాటి మీద నిలబెట్టాలి. మాక్సిమా సంగతి చూడండి. అది లిస్ప్ భాషలో రాసింది, లిస్ప్‌లో రకరకాల కంపైలర్లు ఉన్నాయి, డెబియన్‌లో మామూలు మాక్సిమా ఒక లిస్ప్‌తో కట్టి ఉంటుంది, సేజ్‌కేమో ఈసీఎల్ అనే లిస్ప్‌తో కట్టిన లైబ్రరీ కావాలి. దానికోసం మాక్సిమా-సేజ్ అని వేరే ప్యాకేజీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఒక్క సమాకలనం వెనక ఇంత ఏర్పాటు ఉందని తెలిశాక నాకు ఆ ఇన్‌స్టాల్ కమాండ్ మీద గౌరవం పెరిగింది.

ఇదంతా ఒక్క ఊపులో జరగలేదు కూడా. 2008 ప్రాంతంలో 3.0.5 వెర్షన్ డెబియన్‌లోకి వచ్చింది. సేజ్ ఏమో వరసగా కొత్త వెర్షన్లు విడుదల చేస్తూ పోయింది, ఇక్కడి ప్యాకేజీ మాత్రం అక్కడే ఆగిపోయి, చివరికి తీసేశారు. మళ్లీ స్థిరమైన విడుదలలోకి రావడానికి 2017 జూన్ దాకా పట్టింది, డెబియన్ 9తో పాటు 7.4 వచ్చింది. తర్వాత డెబియన్ 10లో 8.6, 11లో 9.2, 12లో 9.5. మధ్యలో పైథాన్ 2 నుంచి 3కు మారడం అనే పెద్ద గండం కూడా దాటింది, సేజ్ 9.0తో 2020 జనవరిలో ఆ మార్పు పూర్తయింది. ఐరోపా సమాఖ్య డబ్బుతో 2015 నుంచి 2019 దాకా నడిచిన ఓపెన్‌డ్రీమ్‌కిట్ అనే ప్రాజెక్టు ఇలాంటి ప్యాకేజింగ్ పనిని కూడా తన పనుల్లో ఒకటిగా పెట్టుకుంది. గణిత సాఫ్ట్‌వేర్‌కు డబ్బిచ్చేవాళ్లు కొత్త సిద్ధాంతాలకే కాకుండా, దాన్ని జనం దగ్గరికి చేర్చే పనికి కూడా ఇవ్వడం నాకు చాలా నచ్చిన విషయం, ఇలాంటివి ఇంకా జరగాలి.

ఇక నా అనుభవం. ఈ ప్యాకేజీ సంగతి తెలియక ముందు ఒకసారి ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద సోర్సు నుంచి కట్టడానికి కూర్చున్నాను. 10 జీబీ దాకా డిస్క్ ఖాళీ ఉంచుకోవాలి, ర్యామ్ కూడా గట్టిగానే ఉండాలి. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాను. ఫ్యాన్ మోత, అడుగున చెయ్యి పెడితే కాలుతోంది. తెల్లవారుజామున కరెంటు పోయింది, ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మొత్తం ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే అయిపోయిన లైబ్రరీలు వదిలేసి మిగతావే కడుతుంది, అది నిజమే, కానీ సగంలో తెగిన ఒక లైబ్రరీ మొండికేసి, దాన్ని తుడిచి మళ్లీ కట్టేసరికి ఆదివారం కూడా పోయింది. పన్నెండు కంప్యూటర్ల మీద ఈ పని చేయడం ఊహకు కూడా అందదు.

ల్యాబ్‌లో డెబియన్ 12 వేశాక జరిగింది ఇదీ: ఒక కంప్యూటర్‌లో ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ అనే చిన్న సర్వీస్ పెట్టాను. ల్యాబ్‌లో ఎవరు ఏ ప్యాకేజీ దింపినా అది ఒక కాపీ దాచుకుంటుంది, రెండో కంప్యూటర్ నుంచి ఇంటర్నెట్ అక్కర్లేదు, పక్క కంప్యూటరే ఇస్తుంది. మొదటి కంప్యూటర్‌కు మా నెట్ మీద దాదాపు మధ్యాహ్నమంతా పట్టింది, ఎందుకంటే సేజ్ వెంట వచ్చే లైబ్రరీలు, డేటాబేస్‌లు అన్నీ కలిపి పెద్ద మూటే. మిగతా పదకొండూ సాయంత్రం లోపు అయిపోయాయి. ఎక్కడా ఎర్రర్ రాలేదు. చిన్న కాలేజీల్లో ల్యాబ్ చూసేవాళ్లు ఈ ఒక్క చిట్కా తీసుకున్నా చాలు. బ్రౌజర్‌లో నోట్‌బుక్‌లాగా వాడాలంటే సేజ్‌మ్యాథ్-జూపిటర్ అనే ప్యాకేజీ కూడా వేయండి, మా పిల్లలు టెర్మినల్ కంటే అందులోనే హాయిగా పనిచేస్తారు.

పాత హార్డ్ డిస్క్ మీద మొదటిసారి తెరిచినప్పుడు బాగా నెమ్మది, అర నిమిషం పైనే పడుతుంది. రెండోసారి నుంచి పర్వాలేదు. తెరుచుకున్నాక మాత్రం 4 జీబీ ర్యామ్‌లో డిగ్రీ స్థాయి లెక్కలన్నీ సాఫీగా నడుస్తాయి.

మొదటి క్లాసులో నేను ఎప్పుడూ ఒకే లెక్క ఇస్తాను. 2^128+1 ని కారణాంకాలుగా విడగొట్టండి. ముప్పై తొమ్మిది అంకెల సంఖ్య, ఏడో ఫెర్మా సంఖ్య అంటారు. ఇది ప్రధాన సంఖ్య కాదని అంతకుముందే తెలిసినా, దాని కారణాంకాలు ఎవరికీ దొరకలేదు. 1970లో మారిసన్, బ్రిల్‌హార్ట్ అనే ఇద్దరు కంటిన్యూడ్ ఫ్రాక్షన్ పద్ధతితో, అప్పటి పెద్ద కంప్యూటర్ మీద సాధించారు. మా ల్యాబ్‌లో ఎంటర్ నొక్కి చెయ్యి తీసేలోపు 59649589127497217, 5704689200685129054721 అని రెండు సంఖ్యలు పడతాయి. క్లాసంతా ఒక్కసారి కేరింతలు కొడుతుంది. పిల్లలు తమ ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు విడగొట్టుకోవడం మొదలుపెడతారు (ఆధార్ వద్దని చెప్తాను, స్క్రీన్ అందరికీ కనిపిస్తుంది కదా).

రెండో క్లాసు భాస్కరాచార్యుడిది. x² − 61y² = 1 కు పూర్ణాంక సాధన కనుక్కోవడం. 1150 నాటి బీజగణితంలో ఆయన చక్రవాళ పద్ధతితో చేసి చూపించారు, ఐదు వందల ఏళ్ల తర్వాత 1657లో ఫెర్మా ఇదే 61ని ఐరోపా గణితవేత్తలకు సవాలుగా విసిరాడు. అతి చిన్న జవాబే x = 1766319049, y = 226153980. ముందు చక్రవాళాన్ని బోర్డు మీద చేతితో చేయిస్తాను, తర్వాత సేజ్‌లో √61 చేర్చిన క్షేత్రంలో మూల యూనిట్ (గుర్తు తేడా తప్ప, అక్కడి యూనిట్లన్నీ దీని ఘాతాలే) ఏమిటో అడిగిస్తాను. (39 + 5√61)/2 అని వస్తే దాని ఆరో ఘాతం వేయగానే పైన చెప్పిన రెండు సంఖ్యలూ ప్రత్యక్షమవుతాయి. ఈ పని లోపల చేసేది పారి.

ఇక్కడే ఒక విషయం జరిగింది, ప్యాకేజింగ్ అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. ఫైనలియర్ అమ్మాయి ఒకామె ఇంట్లో అన్నయ్య ల్యాప్‌టాప్ మీద కొత్త వెర్షన్ వేసుకుంది. మర్నాడు వచ్చి, "మేడమ్, ఇంట్లో జవాబు వేరేగా వచ్చింది, ల్యాబ్‌లోది తప్పా?" అని అడిగింది. ఒకచోట (39 + 5√61)/2, ఇంకోచోట (−39 + 5√61)/2. రెండూ బోర్డు మీద రాయించి గుణించమన్నాను. ఒకటి వచ్చింది. అంటే ఒకటి రెండోదానికి విలోమం, మూల యూనిట్‌గా ఏది తీసుకున్నా సరైనదే, ఏది ఎంచుకోవాలన్నది లోపలి లైబ్రరీ ఇష్టం.

సేజ్‌లో ప్రతి ఫంక్షన్ వివరణలోనూ ఉదాహరణ, దాని జవాబు రాసి ఉంటాయి, వాటినే పరీక్షలుగా నడుపుతారు. రాసిన జవాబు అక్షరం పొల్లు పోకుండా వస్తేనే పాస్. ఇప్పుడు ఆలోచించండి, సేజ్ 9.5 తన వెంట తెచ్చుకునే పారి 2.13 శ్రేణిది, డెబియన్ 12లో ఉన్నది 2.15. ఆ తేడాకు ఒకచోట గుర్తు మారుతుంది, ఒకచోట జనకాల వరస మారుతుంది, ఒకచోట ఎర్రర్ మెసేజ్‌లో మాట మారుతుంది. ప్రతి మార్పూ పరీక్షలో ఫెయిల్ అనే కనిపిస్తుంది. అందులో ఏది నిరపాయమైన తేడా, ఏది నిజంగా తప్పు జవాబు అన్నది ఎవరో ఒకరు కూర్చుని, గణితం తెలిసి, ఒక్కొక్కటీ చూడాలి. ఫెయిల్ అయినవి ఒక హద్దు దాటకపోతేనే డెబియన్ వాళ్లు ప్యాకేజీని ముందుకు పోనిస్తారు. పైథాన్ సంగతీ అంతే, 9.5 వచ్చింది పైథాన్ 3.10 దాకా చూసుకుని, డెబియన్ 12లో ఉన్నది 3.11. మధ్యలో ఉన్న ఆ గుంటను ప్యాచ్‌లు వేసి పూడ్చారు. ఈ పని చేసేవాళ్లలో చాలామంది స్వచ్ఛందంగా, సొంత సమయంలో చేస్తున్నవాళ్లే.

లోటుపాట్లు కూడా చెప్పాలి. మొదటిది, పాతబడటం. 9.5 విడుదలైంది 2022 జనవరిలో, డెబియన్ 12 వచ్చింది 2023 జూన్‌లో, అప్పటికే సేజ్ 10.0 బయట ఉంది. స్థిరమైన విడుదల అంటే అర్థమే అది, ఇకమీదట వెర్షన్ మారదు. (ఉబుంటు 22.04లో ఉన్నదీ ఇదే 9.5.) పాఠం చెప్పేవాళ్లకు ఇది వరం, జూన్‌లో రాసుకున్న నోట్‌బుక్ మార్చిలో అలాగే నడుస్తుంది. కానీ మీ గైడ్ ఇచ్చిన కోడ్ 10 పైన వెర్షన్‌కు రాసిందైతే టెన్షన్ తప్పదు.

రెండోది, సేజ్ పత్రాల్లో అదనపు ప్యాకేజీలకు సేజ్ హైఫన్ ఐ (sage -i) అని కొట్టమని ఉంటుంది. డెబియన్‌లో ఆ దారి పనిచేయదు, ఏది వేయాలన్నా ఆప్ట్ నుంచే. ఈ సంగతి మొదట్లో తెలియక నేను ఒక పూట పోగొట్టుకున్నాను. అలాగే పిప్ (పైథాన్ ప్యాకేజీలు దింపే కమాండ్)తో ఏదైనా వేద్దామంటే డెబియన్ 12 ఒప్పుకోదు, ఇది బయటివాళ్లు చూసుకునే పైథాన్ అని ఆపేస్తుంది. కొంతమంది బలవంతంగా వేసే ఆప్షన్ వాడతారు, దయచేసి ల్యాబ్ కంప్యూటర్లలో అలా చేయకండి, సేజ్ నిలబడి ఉన్నదే ఆ పైథాన్ మీద. సిస్టమ్ ప్యాకేజీలు కనబడేలా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్‌ను తాకని విడి పైథాన్ ఫోల్డర్) చేసుకుని అందులో వేసుకోండి, నిశ్చింతగా ఉంటుంది.

మూడోది చిన్నదే. సేజ్‌తో వచ్చే ఎలిప్టిక్ కర్వ్ పట్టికలో కండక్టర్ (ప్రతి కర్వ్‌కూ ఉండే ఒక గుర్తింపు సంఖ్య లాంటిది) 10000 లోపువే ఉంటాయి. డిగ్రీ పిల్లలకు అవి ఎక్కువే.

కొత్త వెర్షన్ తప్పనిసరిగా కావాలంటే కోండా-ఫోర్జ్ అనే ఆన్‌లైన్ ప్యాకేజీల భండారం నుంచి వేసుకోండి, సేజ్ కోసం ఒక ఎన్విరాన్‌మెంట్ విడిగా పెట్టుకుంటే సిస్టమ్‌ను తాకదు, కంపైల్ చేసే బాధా లేదు. డిస్క్ బాగా తింటుంది, అందులో లైబ్రరీలన్నీ మళ్లీ విడిగా వస్తాయి కాబట్టి. విండోస్ మాత్రమే ఉన్నవాళ్లకు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు)లో డెబియన్ వేసుకుని ఇదే ఆప్ట్ కమాండ్ కొట్టడం సులువైన దారి. అసలు ఇన్‌స్టాల్ చేయకుండా ఒకటి రెండు లెక్కలు చూసుకోవాలంటే సేజ్‌మ్యాథ్‌సెల్ అని బ్రౌజర్‌లోనే నడిచేది ఉంది, నెట్ ఉండాలి అంతే. ఇంటర్ పిల్లలకు, ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం వాళ్లకు ఇంత పెద్దది అక్కర్లేదు, డబ్ల్యూఎక్స్‌మాక్సిమా వేయండి. తేలిక, బటన్లు నొక్కి పనిచేయవచ్చు, అవకలనం సమాకలనం మాతృకలు అన్నీ చక్కగా చేస్తుంది. మా తమ్ముడి కొడుక్కి అదే వేసిచ్చాను.

మార్కులు అడిగితే, క్లాసుకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను, రీసెర్చ్‌కు మూడు. డబ్బు లెక్క ఇక్కడ వేయడం లేదు, పన్నెండు కంప్యూటర్లకూ కలిపి అయిన ఖర్చు నెట్ రీచార్జ్ ఒక్కటే.

డెబియన్ 12కు దీర్ఘకాల మద్దతు 2028 జూన్ దాకా ఉంది, అందుకే ల్యాబ్‌ను అప్పటిదాకా కదిలించను. మీరు వేరే డెబియన్ వెర్షన్‌లో ఉన్నా, వేరే దానికి మారబోతున్నా, ముందు ఆప్ట్ పాలసీ సేజ్‌మ్యాథ్ అని కొట్టి అందులో ప్యాకేజీ ఉందా, ఏ వెర్షన్ ఉందీ చూసుకోండి. ఇంతకుముందు ఒకసారి ఏళ్ల తరబడి లేకుండా పోయిన ప్యాకేజీ ఇది. బగ్ కనబడితే రిపోర్ట్‌బగ్ అనే కమాండ్‌తో డెబియన్‌కు పంపండి, ఏ లెక్క కొట్టారో, ఏ జవాబు రావాలో, ఏం వచ్చిందో మూడూ రాయండి. మా ఫైనలియర్ అమ్మాయిలా ముందు రెండు జవాబులూ గుణించి చూసి పంపితే, అవతల ఆ ప్యాకేజీ చూసేవాళ్లకు ఒక సాయంత్రం మిగులుతుంది.